కారు అడుగున కదలని బోల్టు

కామాటిపురాలో కారు మాట వస్తే మన పెద్దవాళ్ళకు మొట్టమొదట జ్ఞాపకం వచ్చేది నలుపూ పసుపూ రంగుల ఫియట్ టాక్సీయే. వాల్‌చంద్ హీరాచంద్ గారు 1944లో స్థాపించిన ప్రీమియర్ ఆటోమొబైల్స్ వారి కుర్లా కార్ఖానాలో అది తయారయ్యేది. 1964లో దాని పేరు ఫియట్ 1100 డిలైట్. 1974 నుంచి ప్రీమియర్ పద్మిని. కంపెనీ వారు యే పేరు పెట్టినా మన గల్లీల్లో మాత్రం అది ఫియట్టే. ఆఖరి పద్మిని టాక్సీ 2003 అక్టోబరు 29న తాడ్‌దేవ్ ఆర్.టి.ఓ. ఆఫీసులో రిజిస్టరు అయింది. ముంబయిలో టాక్సీకి యిరవై సంవత్సరాలే ఆయుర్దాయం గనుక, 2023 అక్టోబరు 30 నుంచి ఆ టాక్సీ రోడ్డు మీద లేదు.

ఆ బండి నడిపినవాళ్ళకు ఒక మంచి అలవాటు వుండేది. ముందు చక్రాలు తిరిగే చోట కింగ్‌పిన్నులకు తప్పకుండా గ్రీజు పట్టించుకోవాలి. లేకపోతే స్టీరింగు బిగుసుకుపోతుంది. గ్రీజు పెట్టాలంటే మనిషి బండి కిందికి దూరక తప్పదు. దూరినవాడికి యేది విరిగిందో, యేది వదులైందో, యెక్కడ తుప్పు పట్టిందో కంటపడక మానదు. యిప్పటి బండ్లలో చాలావాటికి అలా గ్రీజు పెట్టే చోట్లే లేవు. అన్నీ సీలు వేసుకుని వస్తున్నాయి. సౌకర్యమే, కాదనము. కాని దానితో బండి అడుగు భాగం యజమాని కంటికి పూర్తిగా మరుగైపోయింది. అక్కడ దాగివున్న నాలుగు బోల్టుల సంగతి యీ నెల పాఠకులతో ముచ్చటించదలిచాము.

మేము మెకానిక్కులం కాము. మెట్రిక్ చదువుకుని ఆఫీసులో ఫైళ్ళు సర్దుకునేవాళ్ళం. పానా పట్టిన చేతులు కావు మావి. అయితే కాగితం మీద వున్న అంకెను పైనుంచి కిందికి ఒకసారి, కింది నుంచి పైకి ఒకసారి చూడనిదే ముందుకు పంపని వృత్తి మాది. యీ బోల్టు వ్యవహారం బయటపడింది ఆ అలవాటు వల్లనే.

మా చాల్లో రెండో అంతస్తులో ఒక పెద్దాయన వున్నాడు. వరసకు మాకు మామ అవుతాడు. అన్నదమ్ములు ముగ్గురూ కలిసి డబ్బు వేసుకుని 2010 మోడలు ఇన్నోవా ఒకటి పాతది కొన్నారు. సంవత్సరానికి రెండు మూడు సార్లు పుణే, సోలాపూర్, హైదరాబాదు మీదుగా కరీంనగర్ వైపు స్వగ్రామానికి పోయి వస్తారు. పోయిన దీపావళికి ముందు చక్రాలకు కొత్త టైర్లు రెండు వేయించాడు. హోలీ నాటికి వాటి లోపలి అంచులు బోడిగుండు అయినాయి. ఒకదానికి లోపలి తీగ కూడా మెరుస్తున్నది. వైశాఖంలో తమ్ముడి కూతురి పెళ్ళి. పిల్లా పెద్దా యెనిమిది మంది ఆ బండిలోనే పోవాలి. ఖండాలా ఘాటు యెక్కాలి, ఆ తరువాత సోలాపూర్ దాకా యెండలో కాలే రోడ్డు మీద పరుగెత్తాలి.

"టైర్ల కంపెనీ మంచిది కాదేమో అల్లుడా. ఈసారి వేరే రకం వేయిస్త" అన్నాడు మామ.

"మామా, రెండు టైర్లూ లోపలి అంచునే అరిగినయి. బయటి అంచు కొత్తదాని లెక్కనే ఉన్నది. టైరుదే తప్పయితే అంతటా ఒక్క తీరుగ అరగాలె గద" అన్నాము.

"అలైన్‌మెంటు మూడుసార్లు చేయించిన. కాగితాలు కూడ ఇచ్చిండ్రు. అంతా బాగున్నదన్నరు."

ఆ మూడు కాగితాలూ తెప్పించుకుని చూశాము. చక్రాల పొందిక చూసే కంప్యూటరు ఒక పట్టీ అచ్చు వేసి యిస్తుంది. పని చేయక ముందు అంకెలు ఒక వరస, చేసిన తరువాత అంకెలు మరొక వరస. హద్దులో వున్నది పచ్చగా, హద్దు దాటినది యెర్రగా వుంటుంది. అందులో ముఖ్యంగా చూడవలసినవి మూడు. మొదటిది టో. మనిషి నడిచేటప్పుడు పాదాలు లోపలికి పెట్టి నడుస్తాడా, బయటికి పెట్టి నడుస్తాడా అన్నట్టు, రెండు చక్రాల ముక్కులు యెటు తిరిగి వున్నాయో చెప్పేది అది. రెండవది కాంబరు. చక్రం నిటారుగా నిలబడ్డదా, దాని తల లోపలికో బయటికో వాలిందా అనేది. మూడవది క్యాస్టరు. సైకిలు ముందు ఫోర్కు నిలువుగా వుండదు, కొంచెం వెనక్కి వాలి వుంటుంది కదా. ఆ వాలు వల్లనే చేయి వదిలినా సైకిలు తిన్నగా పోతుంది. కారుకూ అంతే.

మామ తెచ్చిన మూడు పట్టీలలోనూ టో యెర్రనుంచి పచ్చకు మారింది. యెడమ చక్రం కాంబరు మాత్రం పని చేయక ముందు మైనస్ 1 డిగ్రీ 50 నిమిషాలు. చేసిన తరువాత కూడా అదే మైనస్ 1 డిగ్రీ 50 నిమిషాలు. నాలుగు నెలల్లో మూడుసార్లు ముట్టుకున్న అంకె ఒక్క నిమిషమైనా కదలలేదంటే దానిని యెవరూ ముట్టుకోలేదన్నమాట. టైర్ల దుకాణానికి పోయి అడిగాము. కుర్రవాడు ఫోనులోంచి తల యెత్తకుండానే, "అది జామ్ అయింది సాబ్. పాత బండ్లన్నీ అంతే" అన్నాడు. జామ్ అయిన సంగతి మూడు బిల్లులలో ఒక్కదానిమీదా రాయలేదు. సొమ్ము మాత్రం మూడుసార్లూ పూర్తిగా పుచ్చుకున్నారు.

యిక ఆ జామ్ అయిన వస్తువేమిటో చెప్పాలి. ఇన్నోవా వంటి బండ్లలో ముందు చక్రాన్ని పట్టుకోవడానికి పైన ఒకటి, కింద ఒకటి రెండు ఆర్ములు వుంటాయి. కింది ఆర్ము లోపలి కొసలు రెండూ బండి ఛాసీకి రెండు బోల్టులతో తగిలించి వుంటాయి. యీ పక్క రెండు, ఆ పక్క రెండు, మొత్తం నాలుగు. యివి మామూలు బోల్టులు కావు. తలదగ్గర ఒక గుండ్రని బిళ్ళ వుంటుంది. బోల్టు ఆ బిళ్ళ నడిమధ్యన కాక ఒక పక్కగా వుంటుంది. మన యిళ్ళలో తిరగలి పిడి యెక్కడ వుంటుందో చూశారుగా, నడుమ కాదు, అంచు వైపు. రాయి తిరిగితే పిడి చుట్టూ తిరుగుతుంది. అలాగే యీ బిళ్ళను తిప్పితే బోల్టు తన కంతలో అటూ యిటూ జరుగుతుంది. దానితో ఆర్మూ, ఆర్ముతో చక్రం అడుగు భాగమూ లోపలికో బయటికో జరుగుతాయి. ముందు బోల్టునూ వెనక బోల్టునూ వేరువేరుగా తిప్పి కాంబరూ క్యాస్టరూ రెండూ సరిచేస్తారు. బిళ్ళ మీద గీతలు కూడా వుంటాయి, యెన్ని గీతలు తిప్పామో తెలియడానికి. అన్నీ కుదిరాక నట్టు బిగించేస్తారు. ఆ తరువాతనే టో. ముందు టో చేసి, తరువాత కాంబరు కదిపితే టో మళ్ళీ చెడుతుంది.

పాతబడిన బండిలో స్ప్రింగులు కొంచెం కూర్చుంటాయి. బండి కిందికి దిగుతుంది, చక్రాల తలలు లోపలికి వాలుతాయి. ఆ వాలును సరిచేయడానికే తయారుచేసినవాడు యీ బోల్టులు పెట్టాడు. తీరా వాటితో అవసరం పడే వయసు వచ్చేసరికి అవి కదలవు. యిదీ చిక్కు.

యెందుకు కదలవు? బోల్టు ఆర్ములోని బుష్షు గుండా పోతుంది. బుష్షు అంటే పైన రబ్బరు, లోపల ఒక ఉక్కు గొట్టం. బోల్టుకూ ఆ గొట్టానికీ నడుమ వెంట్రుకవాసి సందు. నీళ్ళు అందులోకి పోతాయి గాని తిరిగి రావడం సులభం కాదు. ఉక్కు తుప్పు పట్టితే ఆ తుప్పు ఉక్కు కన్న రెట్టింపుకు మించిన చోటు ఆక్రమిస్తుంది. చోటు లేని చోట వుబ్బిన తుప్పు గొట్టాన్నీ బోల్టునూ వెల్డింగు చేసినట్టు కలిపేస్తుంది. నట్టు వదులు చేసి పానాతో బోల్టు తల తిప్పితే కొంచెం తిరిగినట్టే వుంటుంది. వదలగానే వెనక్కి వస్తుంది. తిరిగింది బోల్టు కాదు, మెలిపడింది రబ్బరు. బలవంతం చేస్తే రబ్బరు చిరుగుతుంది.

ఉప్పు తగిలితే యీ తుప్పు మరీ త్వరపడుతుంది. మనం కాపురమున్న నేల సంగతి వేరే చెప్పాలా? 1784 ప్రాంతంలో హార్న్‌బీ వెల్లార్డు కట్ట వేసి సముద్రపు పోటును ఆపిన తరువాతనే యీ పల్లపు నేలలు బయటపడినాయి. మెరక చేసిన ఆ నేల మీద, 1795 తరువాత, కట్టడపు పనులకు వచ్చిన మన కామాటీలు గుడిసెలు వేసుకున్నారు. అలా వచ్చిందే యీ పేట పేరు. సముద్రం పోయిందిగాని గాలిలో ఉప్పు పోలేదు. పైగా సాలుకు రెండు మీటర్లకు పైబడిన వాన. చాలు ముందర కారుకు కప్పు లేదు. గల్లీలో మోకాటి లోతు నీళ్ళు నిలిస్తే బండి అడుగు అందులోనే. 2005 జూలై 26న శాంతాక్రజ్‌లో ఒక్కరోజున 944 మిల్లీమీటర్ల వాన పడినప్పుడు మునిగిన కార్లను తుడిచి, సీట్లు యెండబెట్టి, రంగు వేసి అమ్మినవాళ్ళు వున్నారు. అడుగున బోల్టును యెవరు తుడిచారు? హైదరాబాదులో పదిహేనేళ్ళకు పట్టే తుప్పు యిక్కడ అంతకన్న చాలా ముందే పడుతుందని మిస్త్రీలంతా చెబుతారు, నమ్మదగిన మాటే.

సంగతి చాల్లో పొక్కింది. సాయంత్రం గ్యాలరీలో సలహాల సభ కూడింది. ఒకరు, పెద్ద సుత్తితో నాలుగు దెబ్బలు వేస్తే రాకేం చేస్తుందన్నారు. సుత్తి దెబ్బకు బోల్టు కొస పుట్టగొడుగులా విచ్చుకుంటుంది. ఆ పైన కంతలోంచి అసలు రాదు. మరొకరు, ఆర్మునే హైడ్రాలిక్ జాకీతో వంచి కాంబరు తెప్పించే దుకాణాలు వున్నాయన్నారు. వున్నాయి. కంప్యూటరు పట్టీ పచ్చగా వస్తుంది కూడా. కాని వంగిన ఉక్కు బలం తగ్గిన ఉక్కు. చక్రాన్ని పట్టివుంచే ఆర్మును అలా చేయడం మాకు సమ్మతం కాదు. యింకొకరు, చోర్‌బజారులో పాత బండిది తీసిన బోల్టు చవకగా దొరుకుతుందన్నారు. చోర్‌బజారు మీద మాకు గౌరవమే. అక్కడ దొరకని వస్తువు లేదు. అద్దం, దీపం, తలుపు పిడి కొనుక్కోండి. చక్రం నిలబడే బోల్టు కొనకండి. అది కూడా యెక్కడో జామ్ అయితే గ్యాసుతో కాల్చి తీసినదే అయివుంటుంది. అంత వేడి తగిలిన ఉక్కుకు మొదటి బిగువు వుండదు.

యిక్కడ బోల్టు తల మీది అంకెల సంగతి చెప్పడం మంచిది. యిది కారుకే కాదు, యింట్లో సీలింగు ఫ్యాను తగిలించేటప్పుడూ పనికివచ్చే జ్ఞానం. తల మీద 4.6, 8.8, 10.9 అని అచ్చు కొట్టి వుంటుంది. చుక్కకు ముందరి అంకెను వందతో హెచ్చవేస్తే, ఒక్కొక్క చదరపు మిల్లీమీటరు మీద యెన్ని న్యూటన్ల లాగుడుకు ఆ బోల్టు తెగుతుందో వస్తుంది. 4.6 అంటే 400, అనగా సుమారు నలభై కిలోల బరువు. 8.8 సుమారు యెనభై కిలోలు, 10.9 సుమారు వంద. చుక్క తరువాతి అంకె, అందులో యెన్నో పదోవంతు దగ్గర బోల్టు సాగిపోవడం మొదలవుతుందో చెబుతుంది. అంకె యేమీ లేని బోల్టును కారు కింద పెట్టనీయకండి. చూపుకు రెండూ ఒక్కలాగే మెరుస్తాయి.

మామకు మాత్రం ఖర్చు మీద దిగులు. "పెండ్లి ముంగట ఇప్పుడు ఇది మొదలువెడితె, బండి విప్పి కూసుంటె ఏం జెయ్యాలె? కొత్త టైర్లు రెండు వేసుకొని పోయొద్దాం. వచ్చినంక చూద్దాం" అన్నాడు.

మాట తీసిపారేయదగినది కాదు. పెళ్ళి ఖర్చులో వున్న యిల్లు. అయినా లెక్క వేసి చూపాము. పోను దాదాపు తొమ్మిది వందల కిలోమీటర్లు, రాను అంతే. అక్కడ తిరుగుడు వేరు. యెనిమిది మంది బరువుతో బండి యింకా కూర్చుంటుంది, వాలు యింకా పెరుగుతుంది. నాలుగు నెలల్లో తీగ తేలిన టైరు స్థానంలోకి మరొక కొత్త టైరు పోయి అదే అంచు మీద నడవాలి. వైశాఖపు యెండలో, నూరు కిలోమీటర్ల వేగంలో ఆ అంచు పగిలితే బండి యెటు పోతుందో డ్రైవరు చేతిలో వుండదు. మామ చాలాసేపు మాట్లాడలేదు. అత్తయ్యే లోపలి నుంచి, "పిల్లలు కూసునే బండి. అల్లుడు చెప్పినట్టు చేయించుండ్రి" అన్నది. అక్కడికి సభ ముగిసింది.

నాగ్‌పాడా వైపు ఒక చిన్న గ్యారేజీ మిస్త్రీ యీ పని వొప్పుకున్నాడు. వొప్పుకోవడానికి ముందే ఆయన చెప్పిన మాట మాకు నచ్చింది: "రెండు బోల్టులు వస్తాయేమో, రెండు రావేమో. రాకపోతే కోస్తాను. కోస్తే బుష్షు పోతుంది. సామాను ముందే తెచ్చి పెట్టుకోండి. విప్పాక దుకాణాలు వెతికితే బండి వారం రోజులు గాలిలో వుంటుంది." ఆపెరా హౌస్ దగ్గర స్పేరు పార్టుల దుకాణాల వరసలో నాలుగు బోల్టులు, నాలుగు బిళ్ళలు, నాలుగు కొత్త నట్టులు, బుష్షులు తెచ్చాము. అసలు కంపెనీ డబ్బాలోవే తీసుకున్నాము, బిల్లు రాయించుకున్నాము. వాడిన నట్టు మళ్ళీ వాడవద్దని మిస్త్రీ గట్టిగా చెప్పాడు.

పనికి ముందు రెండు రోజులు, రాత్రిపూట, బోల్టు రెండు కొసలా తుప్పు విడిపించే నూనె చల్లి వుంచాడు. నూనె గొట్టం మధ్యకు చేరడం కష్టమే, అయినా కొసల దగ్గర పని చేస్తుంది. మూడోనాడు బండిని జాకీతో లేపి యినుప స్టాండ్ల మీద నిలబెట్టాడు. జాకీ ఒక్కదాన్నే నమ్మి బండి కిందికి దూరినవాడిని మిస్త్రీ అనకూడదు. బిళ్ళల మీది గీతలకు సున్నపు పెన్సిలుతో గుర్తులు పెట్టి ఫోనులో ఫోటో తీసుకున్నాడు. కొత్త బోల్టు అదే గీత దగ్గర పెడితే అలైన్‌మెంటు దుకాణం దాకా బండి తిన్నగా నడుస్తుంది.

కుడి పక్క ముందు బోల్టు గంట సేపటికి కదిలింది. పూర్తిగా లాగడు, కొంచెం ముందుకు, కొంచెం వెనక్కి, మళ్ళీ నూనె. పొడిగా వచ్చిన తుప్పు బయటికి రాలుతుంటే చూసి తృప్తి పడ్డాడు. కుడి వెనకది కూడా మధ్యాహ్నానికి వచ్చింది. యెడమ పక్కవి రెండూ రాలేదు. యిక్కడ చాలామంది గ్యాసు దీపం వెలిగిస్తారు. వేడికి లోహం విప్పారి పట్టు వదులుతుంది, నిజమే. కాని చుట్టూ రబ్బరు. అది అంటుకుంటే విషపు పొగ. జానెడు దూరంలో బ్రేకు గొట్టం. సి.ఎన్.జి. బండి అయితే మంట మాటే తలపెట్టకూడదు. కాల్చాక ఆ బోల్టూ బుష్షూ యెటూ పారేయవలసినవే. అలాంటప్పుడు కోసి తీయడమే మేలని మిస్త్రీ వాదన. బుష్షు గొట్టానికీ ఛాసీ బ్రాకెట్టు గోడకూ నడుమ వున్న సన్నని సందులోకి కోత బ్లేడు పెట్టి, ముందొకచోట వెనకొకచోట కోశాడు. గట్టి ఉక్కు. యెడమ పక్క రెండు బోల్టులకు నాలుగు కోతలు. నాలుగు బ్లేడులు అరిగినాయి, సాయంత్రం ఆరయింది. బ్రాకెట్టు గోడకు గాటు పడకుండా కోయడమే యిందులో నేర్పు. బోల్టు కొత్తది దొరుకుతుంది, ఛాసీ దొరకదు.

ఆర్ము విప్పడంలో ఒక ప్రమాదం వున్నది. ఇన్నోవాలో స్ప్రింగు షాక్ అబ్జార్బరుకు చుట్టుకుని దానితోనే బందీగా వుంటుంది గనుక దాని అడుగు బోల్టు తీసి పక్కకు జరిపితే సరి. కొన్ని పాత బండ్లలో స్ప్రింగు నేరుగా కింది ఆర్ము మీదనే అణిగి కూర్చుంటుంది. అలాంటి బండిలో స్ప్రింగును బిగించి పట్టే పరికరం లేకుండా ఆర్ము బోల్టు కోస్తే ఆ స్ప్రింగు తుపాకి గుండులా వస్తుంది. ప్రాణం పోతుంది. యింట్లో పానాల పెట్టె వుంది కదా అని ఆదివారం నాడు సరదాగా మొదలుపెట్టే పని కాదని మన యువకులకు మనవి.

కోసిన ముక్క చేతిలోకి వచ్చాక చూశాము. బోల్టు యెక్కడ ముగిసిందో గొట్టం యెక్కడ మొదలైందో కనిపించలేదు. ఒకే ముద్ద, బెల్లం పాకంలో పడ్డ కొబ్బరి ముక్కలా.

కొత్త బుష్షులను మరునాడు ప్రెస్సు మిషను మీద యెక్కించాడు. కొత్త బోల్టు నున్నని భాగానికి, గొట్టం లోపలికి పోయే మేరకు, రాగి పొడి కలిసిన గ్రీజు పలచగా రాశాడు. యిదే అసలు వైద్యం. ఫియట్టు కాలపు గ్రీజు యిక్కడికి వచ్చి చేరిందన్నమాట. మరల మీద మాత్రం రాయనివ్వలేదు. మరలకు జిడ్డు తగిలితే టార్కు పానా చూపే లెక్క తప్పుతుంది, తెలియకుండానే అతిగా బిగుసుకుంటుంది. రబ్బరుకూ తగలనీయలేదు.

ఆఖరి బిగింపు విషయంలో మంచి గ్యారేజీకీ తొందర గ్యారేజీకీ తేడా తెలుస్తుంది. బండి గాలిలో వుండగా ఆర్ము కిందికి వేలాడుతూ వుంటుంది. అప్పుడే నట్టు బిగించేస్తే, బండిని నేల మీదికి దించినప్పుడు ఆర్ము పైకి లేచి బుష్షు రబ్బరు మెలిపడిపోతుంది. నడిచినంత కాలం ఆ మెలికలోనే వుండి త్వరలో చిరుగుతుంది. అందువల్ల మన మిస్త్రీ నట్టులను ఒక మాదిరిగా బిగించి, బండిని నేల మీదికి దించి, నాలుగుసార్లు బరువుతో వూపి, మెల్లగా మరొక అలైన్‌మెంటు దుకాణానికి తానే నడుపుకుని పోయాడు. అక్కడ బండి తన బరువు మీద తాను నిలబడి వుండగా బిళ్ళలు తిప్పి, కాంబరు, క్యాస్టరు, ఆ తరువాత టో చూసి, కంపెనీ పుస్తకంలో చెప్పిన బిగువుకు టార్కు పానాతో బిగించారు. యెడమ కాంబరు మైనస్ 1 డిగ్రీ 50 నిమిషాల నుంచి మైనస్ 20 నిమిషాలకు వచ్చింది. పట్టీ తీసుకుని పైనుంచి కిందికి ఒకసారి, కింది నుంచి పైకి ఒకసారి చూశాము. అన్నీ పచ్చ.

యీ వ్యాసం చదివి ప్రతి కారు యజమానీ బోల్టుల కోసం పరుగెత్తనక్కర లేదు. మారుతి 800, వ్యాగన్ ఆర్ వంటి చిన్న బండ్లకు ముందు చక్రాల దగ్గర యీ తిరిగే బిళ్ళలు లేవు. అక్కడ సరిచేయడానికి వున్నది టో ఒక్కటే. ఆ బండ్లలో కాంబరు తప్పిందంటే యేదో వంగింది లేదా అరిగింది, దానిని కనుక్కుని మార్చాలి. దుకాణంవాడు మీ చిన్న బండికి "కాంబరు బోల్టు తిప్పాను" అని డబ్బు అడిగితే, చూపించమనండి. ఇన్నోవా, ఫార్చ్యూనరు వంటివి వున్నవాళ్ళు అలైన్‌మెంటుకు పోయినప్పుడు ముందు వరస, తరువాతి వరస రెండూ వున్న పట్టీ అడిగి తీసుకోవాలి. కాంబరు అంకె రెండు వరసల్లోనూ ఒక్కటిగానే వుంటే, అది హద్దులో వుండి ముట్టుకోలేదా, కదలక ముట్టుకోలేదా అని అడగాలి. జవాబు బిల్లు మీద రాయించుకోవాలి. పదిహేనేళ్ళు నిండిన సొంత బండికి రిజిస్ట్రేషను మళ్ళీ అయిదేళ్ళకు పొడిగించుకునేటప్పుడు ఆర్.టి.ఓ.లో బండి తనిఖీ వుంటుంది. ఆ గడువుకు రెండు నెలల ముందే యీ పరీక్ష చేయించుకుంటే తొందరలో యెవరు యెంత చెబితే అంత యివ్వవలసిన అవసరం రాదు.

పెళ్ళికి బండి పోయి వచ్చింది. రెండు వేల కిలోమీటర్లకు పైగా తిరిగిన తరువాత మామా మేమూ కలిసి టైర్ల లోతును లోపలి అంచున ఒకచోట, బయటి అంచున ఒకచోట అగ్గిపుల్ల పెట్టి కొలిచాము. పుల్ల రెండు చోట్లా ఒక్క లోతుకే దిగింది. నట్టుల బిగువు కూడా మిస్త్రీ మళ్ళీ ఒకసారి చూశాడు. వానలు వెళ్ళగానే, దసరా ప్రయాణానికి ముందు అలైన్‌మెంటు చేయించేటప్పుడు నాలుగు నట్టులూ వదులు చేయించి, బిళ్ళలు తిరుగుతున్నాయో లేదో చూసి, మళ్ళీ బిగించమని చెప్పాము. మామ గోడ క్యాలెండరులో ఆ వారం మీద యెర్ర సిరాతో సున్న చుట్టి పెట్టుకున్నాడు.